మీ ఇంటికి ఏ నెట్? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఇంటర్నెట్ కనెక్షన్ల గురించి హైదరాబాద్ పాఠకులు రాసిన ఉత్తరాల్లో ఎక్కువమందికి పనికొచ్చేవి ఈ సంచికకు తీసుకున్నాం. రాసినవారి పేర్లు, వారు ఫిర్యాదు చేసిన కంపెనీల పేర్లు తీసేశాం. చాలామంది "ఏ కంపెనీ మంచిది?" అని అడిగారు. ఊరంతటికీ కలిపి చెప్పగలిగే జవాబు దానికి లేదు. ఒకే కంపెనీ నెట్ ఒక వీధిలో ఏడాదంతా నడుస్తుంది, పక్క వీధిలో వారానికోసారి పడిపోతుంది. వీధి స్తంభం నుంచి మీ గోడ దాకా వచ్చే ఆ చివరి తీగ ఎలా ఉంది, దాన్ని చూసుకునే మనిషి ఎవరు అన్నదాన్ని బట్టే ఈ తేడా అంతా.

ప్రశ్న: నిజాంపేటలో మూడో అంతస్తు డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్‌లోకి దిగుతున్నాం. ఇద్దరం వారానికి మూడు రోజులు ఇంటి నుంచే పని చేస్తాం. పాపకు సాయంత్రం ఆన్‌లైన్ ట్యూషన్. ఒకరు ఫైబర్ అంటారు, ఒకరు ఎయిర్ ఫైబర్ అంటారు. మావారేమో ఫోన్ హాట్‌స్పాట్‌తో గడిచిపోతుందంటున్నారు. 300 ఎంబీపీఎస్‌కి తక్కువైతే చాలదని ఏజెంటు చెబుతున్నాడు. ఏం తీసుకోమంటారు?
– ఒక పాఠకురాలు, నిజాంపేట

జవాబు: మీ బిల్డింగ్ దాకా ఫైబర్, అంటే కాంతితో నెట్ తెచ్చే సన్నటి గాజు తీగ, వచ్చి ఉంటే ఫైబరే తీసుకోండి. అది రాని చోట ఎయిర్ ఫైబర్, అంటే టవర్ నుంచి గాలిలో డాబా మీది పెట్టెకు వచ్చే 5జీ నెట్. హాట్‌స్పాట్‌ను ఆపద్ధర్మానికి ఉంచుకోండి. వీడియో కాల్‌కు గంటకు సుమారు 1 జీబీ పోతుంది కాబట్టి రోజుకు 2 జీబీ ప్లాన్ మధ్యాహ్నానికే అయిపోతుంది. పైగా ఫోన్ వేడెక్కుతుంది, చార్జింగ్ దిగిపోతుంది.

స్పీడ్ లెక్క మీరే వేసుకోవచ్చు. మంచి నాణ్యతతో ఒక వీడియో కాల్‌కు రెండు వైపులా 3 నుంచి 4 ఎంబీపీఎస్ చాలు. టీవీలో హెచ్‌డీ సినిమాకు 5, 4కే అయితే 15. ఇద్దరి కాల్స్, పాప క్లాసు, హాల్లో 4కే టీవీ అన్నీ ఒకేసారి నడిచినా 30 దాటదు. మీ ఇంటికి 100 ఎంబీపీఎస్ ప్లాన్ సుఖంగా సరిపోతుంది. ఏజెంటును అడగాల్సింది అప్‌లోడ్ స్పీడ్ ఎంత అని. కాల్‌లో మీ ముఖం అవతలివాళ్లకు కనపడేది అప్‌లోడ్ వల్లే. డౌన్‌లోడ్ 100 ఇచ్చి అప్‌లోడ్ 10 ఇచ్చే ప్లాన్ ఇంటి నుంచి పని చేసేవాళ్లకు ఇబ్బందే.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. ప్లాన్‌లో రాసే 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకు 100 మెగాబిట్లు. కంప్యూటర్ ఫైల్ దించుకునేటప్పుడు చూపించేది మెగాబైట్లు. 8 బిట్లు ఒక బైటు కాబట్టి 100 ప్లాన్‌లో ఫైల్ 12 మెగాబైట్ల వేగంతో దిగితే మీకు రావాల్సింది పూర్తిగా వస్తున్నట్టే. కంపెనీ మోసం చేసిందని గొడవ పడక్కర్లేదు.

"అన్‌లిమిటెడ్" అన్న మాటకూ హద్దు ఉంటుంది. పెద్ద కంపెనీల ఫైబర్ ప్లాన్లలో నెలకు 3,300 జీబీ దాటితే స్పీడ్ బాగా తగ్గిస్తారు. రోజుకు 110 జీబీ అన్నమాట. హెచ్‌డీ వీడియోకు గంటకు 3 జీబీ చొప్పున చూసినా 36 గంటలకు సరిపోతుంది, కాబట్టి ఆ హద్దు మీకు అడ్డు రాదు. ఎయిర్ ఫైబర్ ప్లాన్లలో ఇది సాధారణంగా 1,000 జీబీ, అంటే రోజుకు 33. రెండు టీవీలు, నాలుగు ఫోన్లు ఉన్న ఇంట్లో దాన్ని గమనించుకుంటూ ఉండాలి.

ఇక ఎవరి దగ్గర తీసుకోవాలన్నది. టెలికాం శాఖవారి సంచార్ సాథీ వెబ్‌సైట్‌లో పిన్‌కోడ్ కొడితే మీ ప్రాంతంలో వైర్ కనెక్షన్ ఇచ్చే కంపెనీల జాబితా వస్తుంది. కానీ జాబితాలో ఉన్నంత మాత్రాన మీ బిల్డింగ్‌కు తీగ వచ్చినట్టు కాదు. కింద పార్కింగ్‌లో గోడకు కొట్టిన పెట్టెలు చూడండి, వాచ్‌మన్‌ను అడగండి. ఆ తరువాత పై అంతస్తు, కింది అంతస్తు వాళ్లను మూడు సంగతులు అడగండి: రాత్రి 9 గంటలకు టీవీ ఆగి ఆగి వస్తుందా? పోయిన నెలలో ఎన్నిసార్లు లైన్ పోయింది? ఫోన్ చేస్తే మనిషి ఎన్ని గంటల్లో వచ్చాడు? ఈ మూడింటికి వచ్చే జవాబులు కరపత్రం మీది అంకెలన్నింటికన్నా విలువైనవి.

తీగ స్తంభాల మీదుగా వస్తోందా, భూమిలోంచి వస్తోందా అన్నదీ అడగండి. 2025 ఆగస్టులో రామంతాపూర్ విద్యుదాఘాత దుర్ఘటన తరువాత నగరంలో కరెంటు స్తంభాల మీది కేబుళ్లను తొలగించినప్పుడు చాలా కాలనీల్లో నెట్ ఒక్కసారిగా ఆగిపోయింది. స్తంభాల మీద తీగలు ప్రాణాలకే ప్రమాదం, వాటిని తీయడం సబబే. అయితే మీ లైన్ అలాంటిదైతే అది ఎప్పుడైనా పోవచ్చని తెలిసి ఉండాలి.

డబ్బు కట్టే ముందు చూసుకోవాల్సినవి: చెప్పే అద్దె మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది, 499 అంటే మీరు కట్టేది 589. ఇన్‌స్టలేషన్ ఉచితం అన్నప్పుడు ఎన్ని నెలలు కట్టితే ఉచితమో అడగండి. రూటర్ మీదా, వాళ్లదా అన్నది రాతలో తీసుకోండి. మొదటి నెలలోనే ఏడాది ప్లాన్ కట్టొద్దు. నెల, రెండు నెలలు వాడి, ఒక వాన చూసి, అప్పుడు ఏడాదికి వెళ్లండి.

ప్రశ్న: మేముండేది ఉప్పల్ దిక్కు. వానొస్తే చాలు నెట్ పోతది. డబ్బ మీద ఎర్ర లైటు కొట్టుకుంటది. ఫోన్ చేస్తే "రూటర్ బంద్ చేసి ఆన్ చెయ్యుండ్రి" అంటరు. పొద్దుగాల్ల వస్తమంటరు, రారు. ఆ ఎర్ర లైటు ఏంది? మా తానే ఏమన్న తప్పున్నదా?
– ఒక పాఠకుడు, ఉప్పల్

జవాబు: ఆ లైటు పక్కన ఎల్ఓఎస్ అని రాసి ఉంటుంది. బయటి నుంచి రావాల్సిన కాంతి డబ్బాకు అందడం లేదని దాని అర్థం. రూటర్ ఎన్నిసార్లు బంద్ చేసి ఆన్ చేసినా అది పోదు, ఎందుకంటే తప్పు తీగలో ఉంది. పీఓఎన్ అని రాసిన పచ్చ లైటు కదలకుండా వెలుగుతూ నెట్ మాత్రం రాకపోతే అది వేరే సంగతి, అప్పుడు తీగ బాగానే ఉంది, కంపెనీ లాగిన్‌లోనో బిల్లులోనో తేడా ఉంది. ఫోన్ చేసినప్పుడు "నెట్ రావట్లేదు" అని కాకుండా "ఎల్ఓఎస్ ఎర్రగా ఉంది" అని చెప్పండి. కాల్ తీసినవాళ్లు రూటర్ కథ వదిలి లైన్ చూసే మనిషికి అప్పగిస్తారు.

ముందు మీ ఇంట్లో చూసుకోవాల్సినవి రెండు. డబ్బా వెనక సన్నటి పసుపుపచ్చ లేదా తెల్ల తీగ ఉంటుంది, దాని చివర చతురస్రంగా ఆకుపచ్చ పిన్ను. అది సగం బయటికి వచ్చి ఉంటే క్లిక్ అనేదాకా లోపలికి నొక్కండి. రెండోది, టీవీ స్టాండ్ వెనక ఆ తీగ మడత పడిందేమో చూడండి. లోపల ఉన్నది గాజు. ఇరానీ చాయ్ కప్పు మూతి కన్నా చిన్నగా చుట్ట చుడితే మలుపు దగ్గర కాంతి బయటికి జారిపోతుంది. మడత తీసి, వదులుగా పెద్ద చుట్ట చుట్టి పెట్టండి. పిన్ను ఊడదీసి కొనను కంటికి ఎదురుగా పెట్టి చూడొద్దు. అందులోంచి వచ్చే కాంతి కనపడదు కానీ కన్నుకు హాని.

ఈ రెండూ సరిగా ఉండి వానకే పోతోందంటే తప్పు బయటిదే. గాజు తీగకు వాన ఏమీ చెయ్యదు. దాన్ని అతికించిన చోట పెట్టే డబ్బా మూత సరిగా బిగించకపోతే అందులో నీళ్లు చేరతాయి. లేదంటే గాలికి చెట్టు కొమ్మ తీగను రాపిడి చేస్తుంది, స్తంభం దగ్గర తీగ బిర్రుగా మడత పడుతుంది. ఎండాకాలమంతా బాగుండి జూన్‌లో మొదలయ్యే తిప్పలన్నీ ఇలాంటివే.

వచ్చిన లైన్‌మన్‌ను ఒక్కటి అడగండి: "పవర్ ఎంత చూపిస్తోంది?" అతని దగ్గర అరచేతిలో పట్టే మీటరు ఉంటుంది. తీగ కొనను అందులో పెడితే మైనస్ అంకె వస్తుంది, దాన్ని డీబీఎం అంటారు. మైనస్ 15 నుంచి మైనస్ 24 మధ్య ఉంటే మంచిది. మైనస్ 27 దగ్గరికి వెళితే ఎండలో నడుస్తుంది, చిన్న తడికే పోతుంది. మైనస్ తరువాత అంకె పెరిగేకొద్దీ కాంతి తగ్గుతున్నట్టు. ఆ అంకెను ఫోటో తీసి పెట్టుకోండి. మైనస్ 26 చూపిస్తున్నా "ఇప్పుడొస్తోంది కదా" అని వెళ్లిపోతుంటే పోనివ్వొద్దు, అతుకు కొత్తగా వేయమనండి. కొత్త పిన్ను వేసేటప్పుడు ఆకుపచ్చ రంధ్రంలో ఆకుపచ్చ పిన్నే పడాలి. నీలం పిన్ను కూడా అందులో దూరుతుంది, కానీ రెండింటి కొనలు వేర్వేరు కోణాల్లో అరగదీసి ఉంటాయి కాబట్టి కాంతి చాలా పోతుంది.

ఉప్పల్ పాఠకుడిదే కాకుండా అందరికీ పనికొచ్చే మాట: ఫైబర్ అని అమ్మేదంతా ఇంటి దాకా ఫైబర్ కాదు. మీ గోడలోంచి వచ్చే తీగ చివర ఎనిమిది రంగుల తీగలతో, పారదర్శకమైన ప్లాస్టిక్ క్లిప్పు ఉంటే ఫైబర్ మీ పార్కింగ్ దాకానే వచ్చింది, అక్కడి పెట్టె నుంచి మీ ఇంటికి రాగి తీగ. ఆ పెట్టెకు కరెంటు పోతే మీ ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా నెట్ ఉండదు. దగ్గర్లో పిడుగు పడితే తీగలు గుచ్చే పోర్టులు కాలిపోవచ్చు. అలాంటి కనెక్షన్ తీసుకోకూడదని కాదు, ఆ పెట్టెకు బ్యాకప్ ఉందో లేదో అడిగి తీసుకోండి.

ప్రశ్న: 300 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకున్నాం. హాల్లో బాగానే వస్తుంది. పడకగదిలో 20 కూడా దాటదు. కంపెనీవాళ్లు 500 ప్లాన్‌కు మారమంటున్నారు. మారితే ఉపయోగముందా?
– ఒక పాఠకుడు, తెల్లాపూర్

జవాబు: మారొద్దు. డబ్బు పోతుంది, పడకగదిలో ఆ 20 అలాగే ఉంటుంది. మీ ఇంటి దాకా 300 వస్తోంది, గోడ దగ్గర ఆగుతోంది. తెల్లాపూర్, నల్లగండ్ల వైపు కొత్త టవర్లు చాలావరకు మైవాన్ కట్టడాలు. వాటిలో గదుల మధ్య గోడలు కూడా ఇనుము వేసిన కాంక్రీటు. ఇటుక గోడలోంచి దూరే వైఫై వాటిలోంచి సరిగా దూరదు.

తప్పు ఎక్కడుందో ఇలా తేల్చుకోండి. ముందు లాప్‌టాప్‌ను తీగతో రూటర్‌కు కలిపి స్పీడ్ చూడండి. 280, 290 వస్తే కంపెనీ తప్పేమీ లేదు. 94 దగ్గర కచ్చితంగా ఆగిపోతే ఆ పోర్టు 100 ఎంబీపీఎస్‌దే అయి ఉండాలి, లేదా తీగలోని ఎనిమిది పోగుల్లో ఏదో ఒకటి తెగి ఉండాలి. ఎనిమిదీ కలిస్తేనే గిగాబిట్ (1,000 ఎంబీపీఎస్) వస్తుంది, నాలుగే కలిస్తే 100 దగ్గర ఆగుతుంది. ఈ 94 అంకె గుర్తుపెట్టుకోండి, ఎన్నో ఇళ్లలో ఇదే గుట్టు. తరువాత రూటర్ పక్కనే నిలబడి ఫోన్‌లో చూడండి, ఆ తరువాత పడకగదిలో.

రూటర్ రెండు రకాల అలలు పంపుతుంది. 5 గిగాహెర్ట్జ్‌ది వేగం ఎక్కువ, గోడ దాటితే నీరసపడుతుంది. 2.4ది గోడలు దాటుతుంది కానీ వేగం తక్కువ, పైగా చుట్టుపక్కల ఫ్లాట్ల రూటర్లన్నీ అందులోనే మాట్లాడుతుంటాయి. 2.4లో ఒకదానికొకటి అడ్డుపడని చానళ్లు 1, 6, 11 మాత్రమే. రూటర్ సెట్టింగ్స్‌లో చానల్ ఆటోలో ఉంటే, ఫోన్‌లో ఏదైనా వైఫై ఎనలైజర్ యాప్‌తో చూసి ఆ మూడింటిలో రద్దీ తక్కువ ఉన్నదానికి మార్చండి.

రూటర్‌ను చెప్పుల స్టాండ్‌లోంచి, టీవీ వెనకనుంచి బయటికి తీసి, నాలుగైదు అడుగుల ఎత్తులో, తలుపు గుండా పడకగది కనిపించే చోట పెట్టండి. ఇనుప బీరువా, ఫ్రిజ్, పెద్ద అద్దం, చేపల తొట్టి అడ్డు లేకుండా చూసుకోండి. దీనికే సగం ఇళ్లలో పని అయిపోతుంది.

మీ గోడలకు మాత్రం ఇది చాలకపోవచ్చు. పడకగదిలో రెండో వైఫై పెట్టె పెట్టి, దానికి రూటర్ నుంచి క్యాట్ 6 అనే నెట్ తీగ లాగించండి. ఫ్లాట్‌లో టీవీ కోసం వేసిన పైపులు గోడల్లో ఉంటాయి, ఎలక్ట్రీషియన్ వాటిలోంచే తీగ తీస్తాడు. 100 మీటర్ల దాకా స్పీడ్ తగ్గదు. ప్లగ్గులో పెట్టే చౌక రిపీటర్లు కొనొద్దు. చాలావాటిలో వినడం, మళ్లీ పంపడం ఒకే రేడియో చేస్తుంది కాబట్టి స్పీడ్ సగానికి పడుతుంది. పడకగదిలోనే పెడితే, అక్కడికి వచ్చే ఆ 20నే పంచుతుంది.

ప్రశ్న: కరెంటు పోగానే నెట్ పోతోంది. ఇంటికి ఇన్వర్టర్ లేదు. చిన్న యూపీఎస్‌లు పనికొస్తాయా?
– ఒక పాఠకురాలు, వనస్థలిపురం

జవాబు: పనికొస్తాయి. రూటర్ అడాప్టర్ మీద అక్షరాలు చదవండి: 12 వోల్టులు, 1 లేదా 1.5 లేదా 2 ఆంపియర్లు అని ఉంటుంది. యూపీఎస్ వోల్టు అంతే ఉండాలి, ఆంపియర్లు అంత గానీ ఎక్కువ గానీ ఉండాలి. 9 వోల్టుల రూటర్‌కు 12 ఇస్తే కాలిపోవచ్చు. ఫైబర్ డబ్బా, రూటర్ విడివిడిగా ఉంటే రెండింటికీ కలిపి చూసుకోండి, ఒక్క రూటర్‌కే ఇస్తే వైఫై గుర్తు కనపడుతుంది, నెట్ రాదు. 8,800 ఎంఏహెచ్ అని రాసి ఉంటే లోపలి బ్యాటరీ 3.7 వోల్టుల లెక్కన సుమారు 32 వాట్ అవర్లు. యూపీఎస్ లోపల వృథా అయ్యేది పోను, 10 వాట్లు తాగే రూటర్‌కు రెండున్నర గంటలు వస్తుంది. పెట్టె మీద ఎనిమిది గంటలని రాసినా నమ్మొద్దు.

ప్రశ్న: ఘట్‌కేసర్ దగ్గర ఇల్లు కట్టుకున్నాం. ఫైబర్ ఇంకా రాలేదు. ఎయిర్ ఫైబర్ పెట్టించుకుంటే ఫైబర్‌తో సమానమేనా? ఊళ్లో ఉన్నప్పుడు ఇంటి సీసీ కెమెరాలు ఫోన్‌లో చూడాలి.
– విశ్రాంత ఉద్యోగి, ఘట్‌కేసర్

జవాబు: ఎయిర్ ఫైబర్ అంటే మీ డాబా మీద పెట్టే 5జీ ఫోన్ అనుకోండి. సిగ్నల్ టవర్ నుంచి గాలిలో వస్తుంది, డాబా మీది పెట్టె నుంచి తీగ ద్వారా ఇంట్లోకి దిగుతుంది. హైదరాబాద్‌లో జియో దీన్ని 2023 సెప్టెంబరులో మొదలుపెట్టింది. పగలు ఫైబర్‌కు తీసిపోదు. రాత్రి 8 నుంచి 11 దాకా అదే టవర్ మీద ఫోన్లన్నీ పడతాయి కాబట్టి స్పీడ్ తగ్గొచ్చు. అందుకని పెట్టించుకునే ముందు అదే కంపెనీ 5జీ సిమ్ ఉన్న ఫోన్‌తో డాబా ఎక్కి, రాత్రి 9కి ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, నాలుగు మూలల్లో స్పీడ్ చూడండి. ఏ మూలలో ఎక్కువ వస్తే పెట్టె అక్కడ బిగించమనండి. తీగ ఎక్కువ పడుతుందని బిగించేవాళ్లు మెట్ల గది పక్కనే పెట్టేసి పోతుంటారు, ఒప్పుకోవద్దు. వాటర్ ట్యాంకు అడ్డం రాకూడదు.

కెమెరాల విషయం జాగ్రత్త. ఇలాంటి కనెక్షన్లలో ఒకే ఐపీ చిరునామాను (నెట్‌లో కనెక్షన్‌ను గుర్తించే నంబరును) చాలా ఇళ్లు పంచుకుంటాయి, కాబట్టి బయటినుంచి నేరుగా మీ డీవీఆర్‌కు, అంటే కెమెరాల రికార్డింగ్ పెట్టెకు, దారి ఉండదు. పోర్ట్ ఫార్వర్డింగ్‌తో ఆ దారి తెరుస్తానన్న టెక్నీషియన్ రోజంతా కూర్చున్నా కాదు. కెమెరా కంపెనీ సొంత యాప్‌లో క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి చూసే రకం కొనండి, దానికి ఈ ఇబ్బంది లేదు. ఒక్కో కెమెరా చూడటానికి 2 నుంచి 4 ఎంబీపీఎస్ అప్‌లోడ్ కావాలి.

ప్రశ్న: అమీర్‌పేట హాస్టల్‌లో ఉండి కోచింగ్ తీసుకుంటున్నాను. హాస్టల్ వైఫై రాత్రిళ్లు పని చెయ్యదు. 5జీ అన్‌లిమిటెడ్ అని రీచార్జ్ చేశాను, అయినా డేటా అయిపోయిందని మెసేజ్ వస్తోంది. ఎందుకు?
– ఒక విద్యార్థి

జవాబు: అన్‌లిమిటెడ్ అన్నది ఫోన్ 5జీలో ఉన్నంతసేపే. గదిలోపల 5జీ బలం తగ్గి ఫోన్ 4జీకి జారితే అప్పటి నుంచి రోజువారీ కోటా కరుగుతుంది. పైన గుర్తు 5జీ అని ఉందో 4జీ అని ఉందో చూస్తూ ఉండండి. మంచాన్ని కిటికీ వైపు మార్చుకోగలిగితే మార్చుకోండి, ఫోన్ కిటికీ దగ్గర పెట్టి హాట్‌స్పాట్‌తో లాప్‌టాప్‌లో చదువుకోండి. క్లాసుల వీడియోలను 480పీలో పెట్టుకుంటే బోర్డు మీది అక్షరాలు కనపడతాయి, డేటా సగానికన్నా తక్కువ అవుతుంది. 28 రోజుల ప్లాన్ అంటే ఏడాదికి పదమూడు రీచార్జులు. 30 రోజుల ప్లాన్, ప్రతి నెలా అదే తేదీకి వచ్చే ప్లాన్ కూడా ఉంచాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2022లో ఆదేశించింది. యాప్‌లో కిందికి వెళ్లి వెతకండి.

ప్రశ్న: ఇంట్లో ఫైబర్ ఉంది. అత్తమ్మ ఫోన్‌కు కాల్స్ తప్ప ఏమీ వద్దు, అయినా డేటా ప్లాన్ వేయక తప్పడం లేదు. పైగా ఆమె గదిలో సిగ్నల్ అందదు. నంబరు మార్చకుండా కంపెనీ మార్చొచ్చా?
– ఒక పాఠకురాలు, మలక్‌పేట

జవాబు: డేటా లేకుండా కాల్స్, ఎస్ఎంఎస్‌లకే పనికొచ్చే ప్లాన్లు ఉంచాలని ట్రాయ్ 2024 డిసెంబరులో నిబంధన తెచ్చింది, 2025 జనవరి నుంచి అవి వచ్చాయి. షాపులో అడిగితే చెప్పరు, కంపెనీ యాప్‌లో వాయిస్ ఓన్లీ అన్న చోట చూడండి.

సిగ్నల్‌కు కంపెనీ మార్చే ముందు ఫోన్ సెట్టింగ్స్‌లో సిమ్ దగ్గర వైఫై కాలింగ్ ఆన్ చేయండి. కాల్ టవర్‌కు బదులు మీ ఇంటి ఫైబర్ మీదుగా వెళ్తుంది, విడిగా చార్జీ ఉండదు. ఆ ఫోన్‌లో ఆ సదుపాయం లేకపోతే పోర్టింగ్‌కు, అంటే నంబరు అదే ఉంచి కంపెనీ మారడానికి, వెళ్లండి. ముందు కొత్త కంపెనీ సిమ్ ఉన్న ఎవరి ఫోన్‌నైనా ఆ గదిలో పెట్టి చూడండి. ఆ తరువాత అత్తమ్మ ఫోన్ నుంచి ఇంగ్లిషులో పోర్ట్ అని, ఖాళీ వదిలి, పదంకెల నంబరు రాసి 1900కు ఎస్ఎంఎస్ పంపండి. ఎనిమిది అక్షరాల కోడ్ వస్తుంది. మన దగ్గర అది నాలుగు రోజులే చెల్లుతుంది. ప్రస్తుత కంపెనీలో 90 రోజులు నిండి ఉండాలి. మిగిలిన ప్లాన్ రోజులు, బ్యాలెన్సు కొత్త కంపెనీకి రావు కాబట్టి ప్లాన్ అయిపోయే వారంలో చేయండి. మూడు పనిదినాల్లో మారుతుంది. పాత సిమ్‌లో నెట్‌వర్క్ పోయాకే కొత్తది వెయ్యండి. మార్పు జరిగే కొన్ని గంటలు ఓటీపీలు రావు, ఆ రోజు పెన్షన్, బ్యాంకు పనులు పెట్టుకోకండి.

ప్రశ్న: దిల్‌సుఖ్‌నగర్ నుంచి కొంపల్లికి మారాం. పాత కనెక్షన్ తీసేయమని చెప్పి, రూటర్ వచ్చిన కుర్రాడికి ఇచ్చేశాను. రసీదు లేదు. నాలుగు నెలలైనా బిల్లులు వస్తున్నాయి, రూటర్ ఇవ్వలేదంటున్నారు.
– ఒక పాఠకుడు, కొంపల్లి

జవాబు: ఫోన్‌లో మాట్లాడటం ఆపి రాతలోకి రండి. కంపెనీ కస్టమర్ కేర్‌లో ఫిర్యాదు నమోదు చేయించి డాకెట్ నంబరు (ఫిర్యాదు నంబరు) తీసుకోండి. అందులో కనెక్షన్ ఆపమని చెప్పిన తేదీ, కుర్రాడు వచ్చిన తేదీ, అతను ఫోన్ చేసిన నంబరు, సమయం రాయండి. మీ ఫోన్ కాల్ లిస్టు స్క్రీన్‌షాట్ జత చేయండి, రసీదు లేనప్పుడు అదే మీ సాక్ష్యం. అపార్ట్‌మెంట్ గేటు రిజిస్టరులో అతని పేరు రాసి ఉంటే ఆ పేజీ ఫోటో కూడా అడిగి తెప్పించుకోండి. పరిష్కారం కాకపోతే గడువు దాటిన 30 రోజుల్లోపు అదే కంపెనీ అప్పిలేట్ అథారిటీకి అప్పీలు చేయండి. ఆ ఈమెయిల్ కంపెనీ వెబ్‌సైట్‌లో తప్పకుండా ఉంటుంది, రుసుము లేదు, 39 రోజుల్లో తేల్చాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు కూడా చెప్పండి.

కొంపల్లిలో కొత్త కనెక్షన్ పెట్టిన రోజే రూటర్‌ను తిరగేసి, అడుగున ఉన్న సీరియల్ నంబరు ఫోటో తీసి పెట్టుకోండి. తిరిగి ఇచ్చే రోజు రసీదు మీద అదే నంబరు రాయించి, తీసుకెళ్లేవాళ్ల సంతకం పెట్టించుకుని, అప్పుడు ఇవ్వండి.